బయట వేసిన తాళం

"ఆ చెక్క మీద ఇంకోసారి చెయ్యి పడిందంటే, యాసీనూ, బావమరిదివని కూడా చూడను."

ఖాదర్ హుస్సేన్ గొంతు పెద్దది కాదు. కోపమొస్తే ఇంకా చిన్నదవుతుంది. ఆ చిన్న గొంతుకే భార్య రహీమాబీకి ఎక్కువ భయం. పిండి కలుపుతున్న చేతులతోనే వంటగది గడపలోకి వచ్చి నిలబడిపోయింది.

హాలును రెండుగా చేసిన ప్లైవుడ్ గోడ ముందు స్టూలు వేసుకుని ఎక్కి ఉన్నాడు ఆమె తమ్ముడు యాసీన్. చేతిలో స్క్రూడ్రైవరు. అప్పటికే పైవరసలో రెండు మరలు ఊడదీశాడు. గోడ ఒక పక్కకు ఒరిగింది. ఆ సందులో అవతలి గది చీకటి గీతలా కనబడుతోంది.

ఆ చీకట్లో, ఆ గదిలో కిరాయికుండే అచ్చాయమ్మ ఉంది. శుక్రవారం కనుక ఇళ్ళలో పనికి పోలేదు. ఈ మాటలన్నీ ఆమె వింటూనే ఉందని హాల్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఆగలేదు.

"నన్ను చూడొద్దులే బావా. నా మాట విను చాలు. చట్టం వచ్చేసింది," అన్నాడు యాసీన్. "ఎండలు ముదరకముందే అమలు చెయ్యాలని పైనుంచి ఆర్డరు. నిన్న మా ముదీర్, అదే మేనేజరు, అందర్నీ నిలబెట్టి చెప్పినాడు. చెక్క పార్టీషన్లు ఖలాస్. మూసేసిన బాల్కనీలు ఖలాస్. ఫైరింజన్లు తెచ్చే సివిల్ డిఫెన్సోళ్ళే బిల్డింగు బిల్డింగూ ఎక్కి చూస్తారంట."

యాసీన్ పనిచేసేది మంటలార్పే సిలిండర్లు, పొగ వస్తే మోగే గంటలు బిగించే కంపెనీలో. ఈ చట్టం మాట మొదలైనప్పటి నుంచీ వాళ్ళకు ఊపిరి తిప్పుకోను తీరిక లేదు.

"ప్రతి ఎండాకాలం ముందరా ఇదే పాట," అన్నాడు ఖాదర్ హుస్సేన్. "ఎండలు పోతాయి, పాటా పోతాది."

"ఈసారి సంతకమైంది బావా. పేపర్లో వేసినారు."

"పేపరు చదివేటోళ్ళ బిల్డింగులకు పోతార్లే. కరామాలో ఈ పాత కొంపలెక్కి ఎవడొస్తాడు? లిఫ్టు కూడా లేదు."

"లిఫ్టు లేదని చట్టం కిందనే నిలబడిపోతాదా?"

గోడవారన కూర్చుని హోంవర్కు రాసుకుంటున్న బుష్రా కిసుక్కున నవ్వింది. తండ్రి చూపు తగలగానే తల పుస్తకంలోకి దించేసింది.

యాసీన్ స్టూలు దిగాడు. "బావా, పోయినేడు ఎండల్లో ఊరిబయట ఒక లేబరు క్యాంపు కాలింది. తర్వాత గంటలు బిగించను మమ్మల్ని పిలిపించినారు. అక్కడా ఇట్లాంటి చెక్కలే. నేను లోపలికి పోయి చూసినా..."

"చూసి?"

యాసీన్ అక్క వైపు చూశాడు. బుష్రా వైపు చూశాడు. "వద్దులే. తిండి తినే పూట," అన్నాడు.

ఆ చెప్పని మాటను రహీమాబీ తనే ఊహించుకుంది. చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

"ఈ చెక్క తీస్తే ఆమె యాడికి పోతాది?" అన్నాడు ఖాదర్ హుస్సేన్. "ఆమె పోతే ఇంటి కిరాయిలో ఆమె వాటా ఎవరు కడతారు? నీ ముదీరా?"

"నేను చెప్పేది కూడా ఆమె గురించే కదా. పత్రాలు లేని మనిషి. వీసా ఇచ్చిన అరబ్బు కఫీలు ఇంట్లోంచి చెప్పకుండా వచ్చేసిన మనిషి. చెక్క కోసం వచ్చినోళ్ళకు చెక్కతోపాటు ఆమె కూడా దొరికితే నీ గతేమి?"

గోడ అవతల ఒక దగ్గు మొదలై సగంలోనే ఆగిపోయింది. కొంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది.

తర్వాత చిన్న తలుపు తెరుచుకుంది. అచ్చాయమ్మ వంగి బయటికి వచ్చింది. నిద్రపోయిన మొహం కాదు అది.

"ఆ బాబు చెప్పింది నిజమేనండి," అంది. "నేనెల్లిపోతాను. ఒక్క రెండ్రోజులాగండి, ఆయ్."

"ఎక్కడికి పోతావు అక్కా?" అంది రహీమాబీ.

"ఇంటర్నేషనల్ సిటీలో మా ఊరి సుధారాణి ఉంది గదండి."

"ఫోనెత్తిందా?"

అచ్చాయమ్మ ఒరిగిన గోడను చేత్తో పట్టుకుని తిన్నగా నిలబెట్టడానికి చూసింది. "ఎత్తుద్దండి. పనిలో ఉండుంటది పాపం," అంది.

యాసీన్ ఊడదీసిన రెండు మరల్ని టీవీ మీద పెట్టాడు.

"ఇవి నువ్వే బిగించుకో బావా. నా చేత్తో బిగించలేను."

"తిని పోరా," అంది రహీమాబీ వెంటపడి. "నమాజు కాంగానే రా. చేపల కూర చేస్తాండా."

"ఆకలి లేదక్కా," అన్నాడు వాడు చెప్పులు వేసుకుంటూ. మెట్లు దిగుతుండగా మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "ఆ తలుపుకు బయట గొళ్ళెం పెట్టినాడు కదా బావ... కనీసం అదన్నా పీకెయ్యమని చెప్పు."

* * *

ఆ గొళ్ళెం పెట్టింది పోయినేడు, ఆమ్నెస్టీ గడువు అయిపోయిన వారంలో. అప్పటిదాకా పత్రాలు లేనివాళ్ళు శిక్ష లేకుండా ఊరికి పోవచ్చన్నారు. ఆ తర్వాత దొరికితే జైలన్నారు. ఖాదర్ హుస్సేన్ ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. యూనిఫారం వేసుకున్న మనిషి ఎవరైనా తలుపు కొడితే అచ్చాయమ్మ తన గదిలోకి పోవాలి. బయట తాళం పడాలి. తాళం ముందు సూట్‌కేసులు, చుట్టిన పరుపు పేర్చాలి. అడిగితే సామాన్ల గది. తాళం బయట ఉంటే లోపల మనిషి ఉందని ఎవరనుకుంటారు?

బుష్రాకు కూడా ఆ మాట నేర్పారు. స్టోర్ రూమ్, సర్. ఆ పిల్ల బడిలో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

అచ్చాయమ్మకు నేర్పింది రహీమాబీ. "నేనొచ్చి 'అక్కా' అని పిలిచేదాకా నువ్వు లేవకూడదు. తలుపు కొట్టకూడదు. దగ్గొచ్చినా మింగెయ్యాల. ఏం జరిగినా సరే."

"ఏం జరిగినా సరేనండి," అని అచ్చాయమ్మ తలూపింది.

ఒకసారి కరెంటు మీటరు చూసేవాడొస్తే ఇదంతా చేశారు. వాడు పోయాక రహీమాబీ పొయ్యి మీద పప్పు మాడుతోందని పరుగెత్తి, ఆ ధ్యాసలో తాళం సంగతే మరిచిపోయింది. బుష్రా బడినుంచి వచ్చి అడిగితేగాని గుర్తు రాలేదు. తలుపు తీస్తే, అచ్చాయమ్మ చెమటలో తడిసి ముద్దయి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"బతికే ఉన్నానండి. కంగారుపడకండి," అంది.

అప్పుడు నవ్వుకున్నారు. చాలా రోజులు చెప్పుకుని మరీ నవ్వుకున్నారు.

ఇవాళ వంటగదిలో ఇద్దరూ నవ్వలేదు. అచ్చాయమ్మ కింద కూర్చుని చేపలు తోముతోంది. రహీమాబీ రొట్టెలు వత్తుతోంది. హాల్లో ఖాదర్ హుస్సేన్ స్టూలెక్కి మరలు బిగిస్తున్న చప్పుడు కిర్రు కిర్రుమని వినబడుతోంది.

"ఇన్ని మిరపకాయలేటండీ తల్లీ," అంది అచ్చాయమ్మ, మసాలా గిన్నెలోకి తొంగిచూసి. "మీ కడపోళ్ళు చేపనొకసారి చంపిందే కాక మళ్ళీ కారంతో చంపుతారు."

"మీ గోదారోళ్ళు పులుసులో ముంచి చంపుతారు కదా. దానికన్నా ఇది మేలు."

మామూలు రోజైతే ఈ గొడవ భోజనాల దాకా సాగేది. ఇవాళ అక్కడే ఆగిపోయింది.

"అక్కా," అంది రహీమాబీ. "నాకు ఆ తాళం ఇష్టం లేదు. పీకేద్దాం."

అచ్చాయమ్మ చెయ్యి ఆగింది. "ఎందుకండీ?"

"ఏమో. తమ్ముడు చెప్పినాక నాకు భయంగా ఉంది."

"నాకు తాళం ఉంటేనే ధైర్యమండి." అచ్చాయమ్మ గొంతు తగ్గించింది. "బయట తాళం పడ్డాదంటే ఇంక నేను లేనట్టే గదండీ. లేని మనిషినెవరు పట్టుకుంటారు? రాత్రుళ్ళు కూడా ఏసెయ్యమని అడుగుదామనుకున్నాను. మీరేటనుకుంటారోనని ఊరుకున్నాను."

రహీమాబీ రొట్టె వత్తడం మానేసి ఆమె వైపు చూసింది.

"పోయినేడు పోయుంటే ఈ బాధ లేకపోయేది," అంది చివరికి.

"ఎలాగెల్తానండి? మా పిల్ల అప్పటికి నర్సింగులో సగానికొచ్చింది. ఈ ఒక్క ఏడూ గట్టెక్కితే నేనే పోలీసు స్టేషన్‌కెల్లి కూకుంటాను. ఇమానం ఎక్కించండి బాబూ అంటాను. అప్పటిదాకా దొరకకూడదండి. దొరికితే పిల్ల కాలేజీ మానేసి ఇంటికొచ్చేస్తది. నాకు దానికన్నా పెద్ద భయం లేదు."

హాల్లో మరల చప్పుడు ఆగింది. ఖాదర్ హుస్సేన్ స్టూలు దిగి, గోడను చేత్తో గట్టిగా తట్టి చూసుకున్నాడు. గోడ కదల్లేదు.

* * *

నమాజు నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడేగాని అతను తినలేదు. చేప ముల్లు తీస్తూ, తీసిన చోటే మళ్ళీ వెతుకుతున్నాడు.

"తమ్ముడు తిట్టను రాలేదయ్యా," అంది రహీమాబీ. "వాడు భయపడి వచ్చినాడు."

"నాలుగు సిలిండర్లు బిగించి ఇంజనీరు అయిపోయినాడు నీ తమ్ముడు."

"వెటకారం వద్దు. ఆ చెక్కకవతలే బాల్కనీ తలుపుంది. రేపు ఏమన్నా అయితే మనకు పోను ఇంకో దారి లేదు. గొళ్ళెమన్నా తీసెయ్."

"తీసేస్తే తనిఖీకి వచ్చినోడు తలుపు తోస్తాడు. తోస్తే ఆమె కనపడుతుంది."

"అయితే ఆమెను ఎక్కడికన్నా పంపించు."

ఖాదర్ హుస్సేన్ తలెత్తాడు. "నువ్వు చెప్పు పొమ్మని. ఇదో, గోడ పక్కనే ఉంది. చెప్పు."

రహీమాబీ తుంచిన రొట్టెముక్కను మళ్ళీ కంచంలో పెట్టేసింది. గోడకవతల అచ్చాయమ్మ కంచం చప్పుడు కూడా ఆగిపోయింది.

"చెప్పలేవు," అన్నాడు అతను. "నేనూ చెప్పలేను. మన బుష్రాకు జొరమొస్తే రెండు పగళ్ళు పని మానుకుని ఒళ్ళో పెట్టుకున్న మనిషి. ఎట్ల చెప్పేది? నాకు భయం లేదనుకుంటాండావా రహీమా? బండి తోలుతాంటే వెనక సైరను వినపడితే చాలు, నా కాలు బ్రేకు మీదికి దానంతట అదే పోతాది. ఆమె మనింట్లో దొరికితే నా వీసా రద్దు. నా కఫీలు ఒక్క పూట ఉంచడు. పిల్ల చదువు, ఈ ఇల్లు, అంతా గంగలో."

అతని గొంతు ఎప్పటికన్నా చిన్నదైపోయింది. ఇది కోపం కాదని రహీమాబీకి అర్థమైంది. అర్థమయ్యాక మరింత భయం వేసింది. ఇంట్లో ధైర్యంగా ఉన్నది ఈయనొక్కడే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ.

అప్పుడే తలుపు మీద వేలితో తట్టిన చప్పుడు. రహీమాబీ లేచి తలుపు ఓరగా తీసింది.

వాచ్‌మన్ హిదాయతుల్లా. తలుపు సందులోంచే గుసగుసగా చెప్పాడు. "భాభీ, ఖబర్ ఆయా. ఇన్‌స్పెక్షన్ వాలే పక్క గల్లీలోకి వచ్చేశారు. ఇవాళో రేపో ఇక్కడికీ. సామాన్ ఠీక్ కర్‌లో." చెప్పి పై మెట్లెక్కిపోయాడు. పైవాళ్ళకు కూడా చెప్పాలి కదా.

ఖాదర్ హుస్సేన్ తలుపు మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్క సూట్‌కేసూ మంచం కిందనుంచి బయటికి లాగడం మొదలుపెట్టాడు.

* * *

ఆ సాయంత్రమే వచ్చారు.

తట్టడం కాదు అది. బాదడం. కింది అంతస్తు నుంచి ఒక్కొక్క తలుపూ బాదుకుంటూ, అరుచుకుంటూ, బూట్ల చప్పుడుతో పైకి వస్తున్నారు. అరబ్బీ, హిందీ కలిసిన కేకలు మెట్లలో మారుమోగి, ఒక్క ముక్కా తెలియడం లేదు.

"వచ్చేసినారు," అన్నాడు ఖాదర్ హుస్సేన్.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అచ్చాయమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని గదిలోకి పోయింది. పోతూ పోతూ రహీమాబీ వైపు చూసి, అంతా బాగానే ఉంటుందన్నట్టు తలూపింది. రహీమాబీ తలుపు మూసి తాళం వేసింది. మొదటిసారి తాళంచెవి తిరగలేదు. రెండోసారి తిరిగింది. ఖాదర్ హుస్సేన్ సూట్‌కేసులు పేర్చాడు. బుష్రా పరుపు మోసుకొచ్చి పైన పెట్టింది.

తలుపు దద్దరిల్లింది. తెరిచేసరికి ఎదురుగా ఇద్దరు. మందపాటి కోట్లు, తలకు హెల్మెట్లు. సివిల్ డిఫెన్సువాళ్ళే తనిఖీకి వస్తారని యాసీన్ చెప్పనే చెప్పాడు. ఆ హెల్మెట్లు చూశాక రహీమాబీకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"బర్రా! బర్రా! సబ్ బాహర్ నిక్‌లో!" అని అందర్నీ బయటికి పిలిచాడు ముందున్నవాడు. లోపల ఇంకెవరన్నా ఉన్నారేమోనని తొంగిచూశాడు. "అందర్ ఔర్ కోయీ హై?"

"కోయీ నహీ, సర్," అన్నాడు ఖాదర్ హుస్సేన్. "ఫ్యామిలీ ఓన్లీ."

రెండోవాడు ఒక్క అంగలో లోపలికి వచ్చాడు. పడకగది చూశాడు. వంటగది చూశాడు. సూట్‌కేసుల వెనక ఉన్న చిన్న తలుపు మీదికి టార్చి వేశాడు.

"స్టోర్ రూమ్, సర్," అంది బుష్రా.

టార్చి వెలుగు తాళం మీద ఒక్క క్షణం ఆగింది. బయటినుంచి వేసిన తాళం. అతను తిరిగి వచ్చేశాడు. "యల్లా, యల్లా," అంటూ ముగ్గుర్నీ మెట్ల వైపు తోసి, పక్క ఫ్లాటు తలుపు బాదడానికి పోయాడు.

గండం గడిచిందనుకుంది రహీమాబీ. మెట్ల కమ్మీ పట్టుకుని దిగింది. అన్ని అంతస్తులవాళ్ళూ దిగుతున్నారు. ఇంతమందిని దించి ఖాళీ ఇళ్ళు వెతుకుతారు కాబోలు, కొత్త చట్టం పద్ధతి ఇదేనేమో అనుకుంది. పాపం అచ్చాయమ్మక్క ఇవాళ చాలాసేపు కూర్చోవాలి.

"అమ్మా, కాలిన వాసన," అంది బుష్రా, చున్నీ ముక్కుకు పెట్టుకుని.

"ఎవరో వంట మాడబెట్టినారు. గమ్మున నడువు."

వీధిలోకి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. అవతలి ఫుట్‌పాత్ మీదికి తోసి, తాడు కట్టి నిలబెట్టాక వెనక్కి తిరిగి చూసింది. బిల్డింగు ముందు భాగం ఎప్పటిలాగే ఉంది. బట్టలు ఆరేసి ఉన్నాయి. కానీ దాని నెత్తిమీద, వెనకనుంచి, నల్లటి పొగ లేస్తోంది. సన్నగా కాదు. లావుగా, మెలికలు తిరుగుతూ. కింద పరుపుల దుకాణం గోడౌను వెనకవైపే ఉంది.

మెట్రో పనులకని తవ్విన రోడ్డు దగ్గర రెండో అగ్నిమాపక బండి ఇరుక్కుపోయి సైరను మోగిస్తూనే ఉంది.

"తనిఖీ కాదు," అంది రహీమాబీ. "ఏమయ్యా, ఇది తనిఖీ కాదు."

ఖాదర్ హుస్సేన్ మొహం చూసింది. అతనికి తనకన్నా ముందే తెలిసిపోయింది.

"కింద కాలతాంది," అన్నాడు, చూపు పొగ మీదనుంచి తిప్పకుండా. "మూడో అంతస్తు దాకా రాదు. నీళ్ళు కొడతాండారు చూడు. ఆరిపోతాది. గమ్మునుండు."

"తాళం వేసినాం."

"నాకు తెలుసు."

"ఆమె తలుపు కొట్టదయ్యా. నేను కొట్టొద్దని చెప్పినా. నేను పోయి పిలిస్తేగాని లేవదు."

అతను ఆమె ముంజేతిని పట్టుకున్నాడు. నొప్పి పెట్టేంత గట్టిగా. "కొంచెంసేపు చూద్దాం రహీమా. కొంచెంసేపు. ఆరిపోతే ఎవరికీ ఏమీ తెలియకుండా పోతాది. నోరు తెరిచినావంటే ఆమె జైలుకు, మనం ఊరికి. ఆమె కూతురి చదువు కోసమన్నా ఊరుకో."

ఆ మాటకు రహీమాబీ ఆగింది. నిజంగానే ఆగింది. పొద్దున వంటగదిలో అచ్చాయమ్మ చెప్పింది కూడా అదే కదా. దొరకకూడదు. దానికన్నా పెద్ద భయం లేదు.

పొగ వెనకవైపునుంచి పక్కకు మళ్ళింది. రెండో అంతస్తు కిటికీ ఒకటి టప్పుమని పగిలింది. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఎక్కడో చిన్నపిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. తాడు అవతల హెల్మెట్ల మనుషుల మధ్య పై అధికారిలా ఉన్న పెద్దాయన ఒకడు నిలబడి, పైనుంచి దిగివచ్చిన ఇద్దర్ని ఏదో అడిగాడు. వాళ్ళు తలూపారు. అతను రేడియోలో ఏదో చెప్పి, చెయ్యెత్తి అందర్నీ బయటికి రమ్మన్నట్టు సైగ చేశాడు. మెట్లలోంచి మనుషులు వచ్చేస్తున్నారు. ఇక లోపలికి ఎవరూ పోరు. బిల్డింగు ఖాళీ అని నమ్మారు.

నమ్మించింది తామే.

చీకట్లో మోకాళ్ళు ముడుచుకున్న మనిషి కళ్ళముందు ఆడింది. ఈపాటికి వాసన తెలిసే ఉంటుంది. దగ్గు వస్తూ ఉంటుంది. మింగేస్తూ ఉంటుంది.

"నా చెయ్యి వదులు," అంది రహీమాబీ.

"మే, వద్దు..."

విదిలించుకుంది. తాడు కిందనుంచి దూరింది. ఒకడు అడ్డం వస్తే వాడి కోటు పట్టుకుని వేలాడింది. వచ్చిన భాషలన్నీ ఒక్కసారే నోట్లోకి వచ్చి ఇరుక్కున్నాయి.

"ఔరత్ హై! అందర్ ఔరత్ హై సాబ్! తాలా... మేమే తాళమేసినాం. బాహర్ సే తాలా!"

రేడియో పట్టుకున్న పెద్దాయన గిరుక్కున తిరిగాడు. "కిదర్? కౌన్‌సా ఫ్లోర్?"

వేళ్ళు చూపించబోతే ఏ వేళ్ళు ఎత్తాలో ఆమెకు తోచలేదు. అప్పుడు వెనకనుంచి చిన్న గొంతు వినబడింది.

"థర్డ్ ఫ్లోర్, సర్. లెఫ్ట్ సైడ్. హాల్‌లో సూట్‌కేసులున్న చోట. ఆమె పేరు అచ్చాయమ్మ." ఖాదర్ హుస్సేన్ తాడు దాటి వచ్చి భార్య పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, తల దించుకుని. "అక్కా అని పిలవమనండి సర్. పిలిస్తే పలుకుతుంది."

ముగ్గురు మనుషులు ముఖాలకు ముసుగులు లాక్కుని మెట్లలోకి పరుగెత్తారు. వాళ్ళు పొగలో కలిసిపోయారు.

వీధిలో జనమంతా రహీమాబీనే చూస్తున్నారు. ఆమెకు సిగ్గు వేయలేదు. భయం కూడా అంతా ఆ మెట్లలోకే వెళ్ళిపోయినట్టుంది. మూడో అంతస్తులో అచ్చాయమ్మ గది కిటికీకి అతికించిన అట్టముక్క వైపే చూస్తూ నిలబడింది.

రెండో అంతస్తులో ఉండే మలయాళీ అమ్మాయి, చంకలో బిడ్డతో, తాడు దాకా వచ్చింది. పెద్దాయన వైపు కాక రహీమాబీ వైపు చూస్తూ అంది.

"హమారే ఘర్ మే భీ. మా పనమ్మాయి. బాత్రూములో పెట్టి... బాహర్ సే."

పెద్దాయన రేడియో నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

ఒకటో అంతస్తు దర్జీ మౌలా సాహెబ్, ముసలాయన, టోపీ తీసి చేత్తో నలుపుతూ ముందుకొచ్చాడు. "మా రూములో ఇద్దరు," అన్నాడు. "బయట తాళమేసి ముందు బీరువా జరిపినాం నాయనా." అది తెలుగులో అన్నాడు. ఎవరో హిందీలో చెప్పారు.

జనంలో కదలిక పుట్టింది. ఇప్పటిదాకా పొగను చూస్తున్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పెద్దాయన బిల్డింగు వైపు ఒకసారి, జనం వైపు ఒకసారి చూశాడు.

"ఔర్?" అన్నాడు. ఇంకా ఎవరెవరున్నారన్నట్టు అందర్నీ చూశాడు. "ఔర్ కౌన్?"

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత గోడవారన ఇంకొకటి.